జుజు నోడా ఫలితాల్ని ఎలా చదవాలి?

2024 మార్చిలో సుజుకా సర్క్యూట్‌లో సూపర్ ఫార్ములా సీజన్ మొదటి రేసు జరిగింది. జపాన్‌లో సింగిల్ సీటర్ కార్లకి, అంటే డ్రైవరు ఒక్కరే కూర్చునే రేసు కార్లకి, ఇంతకన్నా పెద్ద పోటీ లేదు. అందులో దిగిన జుజు నోడాకి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి నెల దాటిందంతే. అంత చిన్న వయసులో ఆ పోటీలో ఎవరూ రేసు చేయలేదు. కొలంబియాకి చెందిన తతియానా కాల్దెరోన్ 2020లో మొదటి మహిళగా వచ్చింది గానీ, జపాన్ అమ్మాయి ఎవరూ అప్పటిదాకా రాలేదు. జుజు ఆ రేసుని 17వ స్థానంలో ముగించింది. సీజన్ మొత్తం అయ్యాక చూస్తే ఆమె పేరు పక్కన ఒక్క పాయింటు కూడా లేదు.

ఈ కాస్త సమాచారంతోనే రెండు కథలు బయల్దేరాయి. ఒకటి, చరిత్ర సృష్టించిన అమ్మాయి కథ. రెండోది, నాన్న పేరూ స్పాన్సర్ల డబ్బూ చూసి సీటిచ్చారు, అంతకుమించి ఏమీ లేదనే కథ. రెండు పక్షాల వాళ్ళూ చూపించేది ఒకే ఫలితాల పట్టిక. ఆ పట్టికని సరిగ్గా చదవాలంటే ఆమె ఎక్కడ మొదలైంది, ఏ మెట్లు ఎక్కింది, ఏవి ఎక్కలేదు, ఆ కారు డ్రైవరుని ఏం అడుగుతుంది అన్నవి తెలియాలి. ఇవి తెలిస్తే 17వ స్థానం గొప్పదీ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. అది చాలావరకు ముందే ఊహించగలిగిన ఫలితం.

జుజు 2006 ఫిబ్రవరి 2న పుట్టింది. తండ్రి హిడెకి నోడా 1994లో లారూస్ జట్టు తరఫున మూడు ఫార్ములా 1 రేసులు చేశాడు. మూడింట్లోనూ కారు చివరిదాకా రాలేదు. తర్వాత అమెరికా వెళ్ళి, అక్కడి పెద్ద పోటీకి కింది మెట్టయిన ఇండీ లైట్స్‌లో ఒక రేసు గెలిచాడు. డబ్బు చాలక, మంచి జట్టు దొరక్క ప్రతిభ మధ్యలో ఆగిపోవడం అంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. ఓకయామా ప్రాంతంలో సొంతంగా రేసింగ్ బడి పెట్టాడు. కూతురు మూడేళ్ళకే కార్ట్ అనే చిన్న రేసు బండి ఎక్కింది, పదేళ్ళు దాటీ దాటకముందే ఎఫ్4 (ఫార్ములా 4) కారు నడిపింది. ఫార్ములా 1కి వెళ్ళే నిచ్చెనలో ఎఫ్4 కింది మెట్టు, దాని పైన ఎఫ్3, ఎఫ్2. బడిపిల్ల ఎఫ్4 కారులో తిరగడం చూసి జపాన్ టీవీ వాళ్ళు వదిలిపెట్టలేదు. ఇంకా ఒక్క అసలు రేసు చేయకముందే ఆమెకి పేరు వచ్చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఆ వయసు పిల్లల్ని జపాన్‌లో ఫార్ములా కార్ల పోటీలకి రానివ్వరు. అందుకని 2020లో డెన్మార్క్ ఎఫ్4కి వెళ్ళింది. పద్నాలుగేళ్ళ పిల్ల, యూలాండ్స్ రింగెన్ అనే చిన్న సర్క్యూట్‌లో తన మొట్టమొదటి రేసులోనే పోల్ (అందరికన్నా ముందు నిలబడి రేసు మొదలుపెట్టే స్థానం) కొట్టి, రేసు కూడా గెలిచింది. కొత్త దేశం, కొత్త ట్రాక్, కరోనా కాలం. ఇది ఎవరు చేసినా పెద్ద విషయమే. కాకపోతే డెన్మార్క్ ఎఫ్4 చిన్న పోటీ. ఇటలీ ఎఫ్4లో లాగా యూరప్‌లోని మెరికలన్నీ ఒకచోట చేరి కొట్టుకునే చోటు కాదు. గెలుపు గెలుపే, కానీ ఎవరి మీద అన్న ప్రశ్న కూడా అప్పటినుంచే ఆమె వెంటపడింది.

మామూలుగా జపాన్ కుర్రాడు ఎలా పైకొస్తాడో యూకీ సునోదాని చూస్తే తెలుస్తుంది. హోండా వాళ్ళ బళ్ళో చేరాడు, 2018లో జపాన్ ఎఫ్4 ఛాంపియన్ అయ్యాడు, 2019లో యూరప్‌లో ఎఫ్3, 2020లో ఎఫ్2, 2021కి ఫార్ములా 1. ప్రతి మెట్టు దగ్గరా హోండా అండ ఉంది. దేశంలోనే ఉండిపోయే వాళ్ళకి ఎఫ్4 తర్వాత సూపర్ ఫార్ములా లైట్స్, ఆ తర్వాత సూపర్ ఫార్ములా. హోండా, టొయోటాల్లో ఎవరో ఒకరి నీడలో లేకుండా ఆ నిచ్చెన ఎక్కినవాళ్ళు బాగా తక్కువ. జుజు ఆ నీడలోకి వెళ్ళలేదు. తండ్రే గురువు, తండ్రే మేనేజరు, చాలాకాలం తండ్రిదే జట్టు. దీనివల్ల స్వేచ్ఛ ఉంటుంది. అయితే పక్కనే తనలాంటి పదిమంది పిల్లలు అదే కారులో అదే మూల తిరుగుతుంటే, వాళ్ళ డేటా తెర మీద పెట్టుకుని "ఇక్కడ నేనెందుకు పది మీటర్లు ముందే బ్రేక్ వేస్తున్నాను" అని చూసుకునే అవకాశం పోతుంది. కుర్ర డ్రైవరుకి అంతకు మించిన పాఠం లేదని నా అభిప్రాయం.

2022లో డబ్ల్యూ సిరీస్‌లో చేరింది. అది మహిళలకే పెట్టిన పోటీ. డ్రైవర్లు డబ్బు కట్టక్కర్లేదు. ఫార్ములా 1 రేసులు జరిగే వారాంతాల్లోనే దీన్ని కూడా నడిపేవాళ్ళు. ఆ ఏడాది డబ్బు చాలక సీజన్ మధ్యలోనే ఆగిపోయింది, మళ్ళీ తెరుచుకోలేదు. జుజుకి అక్కడ చెప్పుకోదగ్గ ఫలితాలు రాలేదు.

2023లో యూరప్‌లో జరిగే యూరోఫార్ములా ఓపెన్ అనే పోటీకి వచ్చింది. ఆమె మీద జరిగే వాదనలన్నిట్లోకీ చిక్కుముడి పడినది ఇక్కడే, కాబట్టి నింపాదిగా చూద్దాం.

యూరోఫార్ములాలో వాడే డల్లారా కంపెనీ కారు ఎఫ్3 తరగతిది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని పాల్ రికార్ సర్క్యూట్‌లో జుజు ఒక రేసు గెలిచింది. ఆ పోటీలో ఒక మహిళ గెలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత, మహిళా డ్రైవర్ల కారుకి అప్పటిదాకా ఇచ్చిన బరువు వెసులుబాటుని నిర్వాహకులు ఎత్తేశారు. నోడా జట్టు నిరసనగా పోటీ నుంచి తప్పుకుంది. కొందరు "ఆడపిల్ల గెలిచిందని రూలు మార్చారు" అన్నారు. మరికొందరు "తేలిక కారుతో గెలిచింది, అదీ ఒక గెలుపేనా" అన్నారు.

బరువు లెక్క ఎలా ఉంటుందో ముందు చూడాలి. ఇప్పుడు పెద్ద ఫార్ములా పోటీల్లో కారూ డ్రైవరూ కలిపి ఇంతకన్నా తగ్గకూడదు అని ఒక గీత ఉంటుంది. డ్రైవరు 80 కిలోలు ఉండొచ్చు, 50 కిలోలు ఉండొచ్చు. సన్నగా ఉన్నవాళ్ళ కారుకి బరువు దిమ్మలు బిగించి గీత దాకా తెస్తారు. ఆ దిమ్మల్ని వీలైనంత కిందికి, కారు నేలకి దగ్గరగా పెట్టుకోవచ్చు. భుజాల ఎత్తులో ఉండే మనిషి బరువు కన్నా నేల మీదుండే లోహం బరువు కారుకి మంచిది. అంటే మామూలు రూలు ప్రకారమే సన్నటి డ్రైవరుకి చిన్న లాభం ఉంది. ఇక గీతనే కిందికి దించితే కారు నిజంగానే తేలికవుతుంది. ఫార్ములా 1లో ఇంజనీర్లు పది కిలోలకి ల్యాపుకి (ట్రాక్ మీద ఒక చుట్టుకి) సుమారు 0.3 సెకన్లు అని మోటుగా లెక్క వేస్తారు. ఎఫ్3 కారుకి అంకె వేరుగా ఉండొచ్చు గానీ తేడా ఉండటం ఖాయం. రేసులో సెకనులో పదో వంతు కోసం రాత్రంతా కూర్చుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మరి వెసులుబాటు ఎందుకు? ఎఫ్3 తరగతి కార్లకి సాధారణంగా పవర్ స్టీరింగ్ ఉండదు. కారు వేగం పెరిగేకొద్దీ గాలి దాన్ని నేలకి నొక్కుతుంది, ముందు టైర్ల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. వేగంగా తిరిగే పొడవాటి మలుపులో చేతులు, భుజాలు, మెడ మూడూ ఒకేసారి పోరాడాలి. రేసు చివరి ల్యాపుల్లో ఈ తేడా బాగా బయటపడుతుంది. సగటున ఆడవాళ్ళకి పైభాగం కండబలం మగవాళ్ళకన్నా తక్కువ. పరికరం అందరికీ ఒకటే, అది మగవాళ్ళ కొలతలకి తయారైంది. ఆ నష్టాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా అన్నది ఇలాంటి వెసులుబాట్ల వెనకుండే వాదన. వాదనలో న్యాయం ఉంది. కానీ మందు జబ్బుకి తగ్గది కాదు. బలం చాలక పోయేది మలుపుల్లో, అలసట వల్ల. తేలిక కారు వల్ల వచ్చేది అన్నిచోట్లా, మొదటి ల్యాపు నుంచే. సమస్య స్టీరింగ్‌లో ఉంటే స్టీరింగ్‌నే సరిచేయాలి.

నా మట్టుకు నాకు ఇందులో తప్పు డ్రైవరుది కాదు. రూలు రాసింది నిర్వాహకులు. సీజన్ మొదట్లో ఇచ్చింది వాళ్ళే, గెలిచాక తీసేసిందీ వాళ్ళే. మొదటినుంచీ లేకపోతే ఒక గొడవ, చివరిదాకా ఉంచితే ఇంకో గొడవ. మధ్యలో మార్చి రెండు గొడవల్నీ ఆ పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టారు. ఆ గెలుపు ఎంత విలువైందో ఇప్పుడు ఎవరూ తూకం వేసి చెప్పలేరు. ఆ ఏడాది యూరోఫార్ములాలో కార్లు కూడా తక్కువే. అదే ఏడాది ఇటలీలో జినాక్స్ ఎఫ్2000 అనే చిన్న పోటీలో ఆమె ఛాంపియన్ అయింది.

2023 డిసెంబరులో సుజుకాలో సూపర్ ఫార్ములా టెస్టు. కొన్ని వారాలకి టీజీఎం గ్రాండ్ ప్రీ జట్టులో సీటు ఖరారైంది. సూపర్ ఫార్ములా లైట్స్ మెట్టు లేదు, ఎఫ్2 లేదు.

సూపర్ ఫార్ములా స్థాయి ఏమిటో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 2016లో ఫార్ములా 1 కింది మెట్టయిన జీపీ2లో ఛాంపియన్ అయిన పియర్ గాస్లీ, 2017లో సూపర్ ఫార్ములాకి వచ్చాడు. తుఫాను వల్ల చివరి రేసులు రద్దయ్యాయి, అర పాయింటు తేడాతో టైటిల్ పోయింది. అదే సీజన్‌లో ఫార్ములా 1కి వెళ్ళిపోయాడు. అలాంటివాడు గెలవలేకపోయిన పోటీ ఇది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ చూసినవాళ్ళకి సింగిల్ సీటర్ అంటే ఎలా ఉంటుందో తెలుసు. ఇది కూడా ఆ ఆకారమే, కానీ రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, సుమారు 550 హార్స్‌పవర్. దాన్ని నేలకి నొక్కే గాలి చాలా ఎక్కువ. సుజుకాలో ఒక ల్యాపుకి ఫార్ములా 1 కార్ల కన్నా ఏడెనిమిది సెకన్లు మాత్రమే వెనకుంటుంది. దీనికి పవర్ స్టీరింగ్ ఉంది, కాబట్టి బలం ప్రశ్న ఇక్కడ కొంత తగ్గుతుంది. మెడ మీద పడే భారం మాత్రం పెరుగుతుంది.

సుజుకా 5.807 కిలోమీటర్లు, 18 మలుపులు, ఎనిమిది అంకె ఆకారం. మొదటి మలుపు దాటగానే ఎస్ వంపులు వస్తాయి. కుడి, ఎడమ, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. వీటిలో మొదటి వంపులోకి కారుని అర మీటరు వెడల్పుగా పంపిస్తే రెండో వంపులోకి ఆలస్యంగా చేరుతుంది, మూడోదాంట్లో యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తాలి, నాలుగోది దాటి కొండ ఎక్కేటప్పుడు వేగం ఉండదు. మొదట్లో చేసిన చిన్న తప్పుకి ఆ తర్వాత కిలోమీటరు దాకా వడ్డీ కట్టాలి. ఈ ట్రాక్ కొత్తవాళ్ళని క్షమించదు.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ కారు వేగంగా నడిపితేనే బాగా నడుస్తుంది. కార్బన్ బ్రేకులు వేడెక్కితేనే పట్టుకుంటాయి. టైర్ రబ్బరు వేడెక్కితేనే రోడ్డుకి అతుక్కుంటుంది. గాలి ఒత్తిడి వేగం ఉంటేనే వస్తుంది. అనుభవం లేని డ్రైవరు, సహజంగానే, కాస్త ముందు బ్రేక్ వేసి, కాస్త నెమ్మదిగా మలుపులోకి వెళ్తుంది. దాంతో టైర్లు చల్లబడతాయి, గాలి పట్టు తగ్గుతుంది, కారు జారుతుంది. కారు జారితే నమ్మకం పోతుంది, ఇంకా నెమ్మదిస్తుంది. చల్లటి టైర్లతో జారే కారుకి, వేడి టైర్లతో అతుక్కుపోయే కారుకి మధ్య తేడా చాలా ఎక్కువ. అనుభవంలో పది శాతం తక్కువైతే ఫలితంలో పది శాతం తగ్గి ఊరుకోదు, ఏకంగా వరస చివరికి వెళ్ళిపోతారు. టీవీలో చూసేవాళ్ళకి "మరీ అంత వెనకా?" అనిపించేది ఇందుకే.

ఇది పోవాలంటే ఒకటే దారి, ల్యాపులు. సూపర్ ఫార్ములాలో అవే దొరకవు. టెస్టులు లెక్కపెట్టి ఇస్తారు. రేసు వారాంతంలో గంటన్నర ప్రాక్టీసు, తర్వాత ఎవరు ఎక్కడి నుంచి రేసు మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్, తర్వాత రేసు. పెద్ద జట్ల దగ్గర ఏళ్ళ తరబడి పోగేసిన డేటా ఉంటుంది, ఏ ఉష్ణోగ్రతకి ఏ సెట్టింగ్ అని కాగితం సిద్ధంగా ఉంటుంది. చిన్న జట్టు అదే గంటన్నరలో కారునీ వెతుక్కోవాలి, కొత్త డ్రైవరుకీ నేర్పాలి. కారు అందరికీ ఒకటే డల్లారా, టైర్లు అందరికీ ఒకటే యోకొహామా, కాబట్టి పోటీ సమానం అనడం సగం నిజమే.

ఇంతకీ పదో తరగతి పిల్లని తీసుకెళ్ళి ఎంఏ పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు, ఆమెని ఇంత తొందరగా అక్కడికి ఎవరు తీసుకెళ్ళారు? ఇక్కడే మొదట చెప్పిన పేరు సంగతి వస్తుంది. పదేళ్ళప్పటి నుంచీ టీవీకి తెలిసిన అమ్మాయి పెద్ద పోటీలోకి వస్తే ప్రేక్షకులు వస్తారు, స్పాన్సర్లు వస్తారు. పోటీకీ లాభమే, జట్టుకీ లాభమే. లైట్స్‌లో రెండేళ్ళు నేర్చుకుంటానంటే ఆ స్పాన్సర్లు అక్కడికి వచ్చేవాళ్ళో లేదో ఎవరికి తెలుసు. రేసింగ్‌లో సీటు తలుపు తెరుచుకున్నప్పుడే దూరాలి, రేపు అదే తలుపు ఉండదు. హిడెకి నోడా స్వయంగా ఆ తలుపులు మూసుకుపోవడం చూసినవాడు. నేనైతే ఆమె ముందు ఒక ఏడాది లైట్స్‌లో ఉంటే బాగుండేదనే అనుకుంటాను. కానీ ఆ స్థానంలో ఉంటే నేను కూడా వద్దనేవాణ్ణి కాదేమో. డబ్బు తెచ్చి సీటు తీసుకోవడం అమ్మాయిలకే ఉన్న దారి కాదని కూడా చెప్పాలి. ఫార్ములా 1లోకి అలా వచ్చిన మగవాళ్ళ జాబితా పెద్దది.

పక్కనే మరో జపాన్ డ్రైవరు మికి కొయామాని చూడాలి. 1997లో పుట్టింది. ఫుజీ స్పీడ్‌వేలో మహిళల కోసం 2017లో మొదలైన క్యోజో కప్‌లో మొదటి రెండేళ్ళూ ఛాంపియన్. ఆ పోటీ పెట్టింది ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసు గెలిచిన తొలి జపానీయుడు మసనోరి సెకియా. 2019 డబ్ల్యూ సిరీస్‌లో ఆమె ఏడో స్థానం. 2022లో ఫార్ములా రీజనల్ జపాన్ టైటిల్, మగవాళ్ళతో కలిసి పోటీపడి గెలిచింది. ఆ పోటీలో మేటి ప్రతిభ తక్కువ, సరదాకి నడిపే పెద్దమనుషులు కూడా ఉంటారు, నిజమే. అయినా టైటిల్ టైటిలే. దాని తర్వాత సూపర్ ఫార్ములాలో సీజన్ మొత్తానికి సీటు మాత్రం ఆమెకి రాలేదు. ఒకరికి పేరుంది, మెట్లు తక్కువ. ఇంకొకరు మెట్లు ఎక్కారు, ఆ పైన ఎత్తి పట్టుకునే చెయ్యి లేదు. జపాన్ రేసింగ్‌లో అమ్మాయిల సమస్య ఏమిటని అడిగితే నేను ఈ ఇద్దరినీ పక్కపక్కన చూపిస్తాను. నడపగలరా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ల్యాపులు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు డబ్బు పెడతారు, ఎన్నేళ్ళు ఓపిక పడతారు అన్నవే ప్రశ్నలు.

వీళ్ళిద్దరికన్నా ముందు కేకో ఇహారా ఉంది. ఆవిడ కథ పూర్తిగా వేరు. సర్క్యూట్‌లో రేస్ క్వీన్‌గా పనిచేసింది, అంటే స్పాన్సర్ బట్టలు వేసుకుని, రేసు మొదలయ్యే ముందు కారులో కూర్చున్న డ్రైవరుకి ఎండ తగలకుండా గొడుగు పట్టే పని. ఆ గొడుగు కింద ఉన్న సీటు తనకి కావాలనుకుంది. 25 ఏళ్ళకి రేసింగ్ మొదలుపెట్టింది. ఆ వయసుకి మిగతావాళ్ళకి ఇరవై ఏళ్ళ అనుభవం ఉంటుంది. బ్రిటిష్ ఎఫ్3 దాకా వెళ్ళి, కొన్నేళ్ళు ఆగి, తిరిగి వచ్చి 2012, 2013, 2014లో లె మాన్ 24 గంటల రేసు చేసింది. తర్వాత నిస్సాన్ బోర్డులో డైరెక్టరు కూడా అయింది. లె మాన్ లాంటి చోట ఒక్క ల్యాపు వేగం కన్నా గంటల తరబడి తప్పు చేయకపోవడం ముఖ్యం, కారుని ముగ్గురు పంచుకుంటారు. సింగిల్ సీటర్లలో తలుపు మూసుకున్నా అక్కడ తెరుచుకోవచ్చని ఆవిడ చూపించింది. జుజు ముందూ ఆ దారి ఉంది, ఆమె వయసుకి ఇంకా చాలా టైముంది.

ఫార్ములా 1 సంగతి తరచూ అడుగుతారు. దానికి సూపర్ లైసెన్స్ కావాలి, మూడేళ్ళలో 40 పాయింట్లు పోగేయాలి. ఆ పాయింట్లు సీజన్ చివర పైస్థానాల్లో ఉన్నవాళ్ళకే వస్తాయి. కాబట్టి ఇప్పుడు ఆ మాట ఎత్తడం ఆమె మీద భారం పెంచడమే. ఫార్ములా 1లో ఒక మహిళ చివరిసారి రేసు మొదలుపెట్టింది 1976లో, లెల్లా లొంబార్డి.

2025లో జుజు ట్రిపుల్ ట్రీ రేసింగ్ అనే కొత్త జట్టుకి మారి సూపర్ ఫార్ములాలోనే కొనసాగింది. ఆమె రేసు చూసేవాళ్ళు స్థానం అంకెని కాసేపు పక్కన పెట్టి మూడు సంగతులు గమనించవచ్చు. క్వాలిఫయింగ్‌లో తన ముందున్న కారుకీ తనకీ తేడా గత ఏడాది అదే ట్రాక్‌లో ఉన్నదానికన్నా తగ్గిందా? టైర్లు మార్చే చోటు, అంటే పిట్ నుంచి కొత్త టైర్లతో బయటికొచ్చాక మొదటి ల్యాపులోనే వాటిని వేడెక్కించగలుగుతోందా, లేక మూడు ల్యాపులు పడుతోందా? రేసు చివరి పది ల్యాపుల్లో తన టైము నిలకడగా ఉందా, జారిపోతోందా? ఈ మూడూ టైమింగ్ షీట్లలో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. ఇవి మెరుగవుతూ ఉంటే స్థానం తర్వాత దానంతటదే కదులుతుంది. మెరుగవకపోతే అప్పుడు ఎవరు విమర్శించినా ఆ విమర్శకి ఆధారం ఉంటుంది.